గొళ్ళెం

కైలాసగిరి రోప్‌వే దగ్గర నా పని
తలుపు వెయ్యడం, గొళ్ళెం పడిందో లేదో లాగి చూడడం.
ఒకసారి చాలు. రూలు అదే.
పద్నాలుగేళ్ళుగా నేను మూడుసార్లు లాగుతున్నాను.
సూపర్‌వైజరు గురుమూర్తి కొత్తవాళ్ళకి నన్ను చూపిస్తాడు:
"పనంటే అదిరా. పోలారావుని చూసి నేర్చుకోండి."

అదే చెయ్యి గోపాలపట్నంలో
మా ఇంటి తాళం లాగితే మాత్రం జబ్బు.

బస్సు ఎన్.ఎ.డి. చేరకముందే దిగిపోయి
వెనక్కి నడిచిన పొద్దులకి నా దగ్గర లెక్క లేదు.
వరాలు దగ్గర ఉంది.
కేలెండరు మీద పాలప్యాకెట్ల గీతల పక్కనే
నా గీతలూ పెట్టింది.
"ఏటి మావా, ఆ తాళానికి నువ్వేటి బాకీ?" అనేది మొదట్లో.
తర్వాత అనడం మానేసింది.
అప్పుడు భయమేసి మహారాణిపేటలో ఈ మెట్లెక్కాను.

నిరుపమ గారి గది చిన్నది.
కిటికీలోంచి, ఉప్పుగాలి పెచ్చులూడగొట్టిన గోడ,
దాని మీంచి వేలెడంత సముద్రం.
ఆ గది తలుపు గొళ్ళెం సరిగ్గా పడదు.
మొదటిరోజే చూశాను. చెప్పలేదు.

"ఇది పోతే మీకు వచ్చేదేమిటి?" అని అడిగారు.
నిద్రండి, వరాలండి, బస్సు ఛార్జీలండి.
"మరి పోయేదేమిటి?"

ఇదేం ప్రశ్న!
పన్ను నొప్పని వచ్చినవాణ్ణి
ఆ నొప్పితో నీకేం లాభమని అడుగుతారా ఎవరైనా?
కోపంగా దిగొచ్చి, బీచిలో మురీ మిక్చరు కొని
తినకుండా చేత్తో పట్టుకు కూర్చున్నాను.
ఉల్లిపాయ మెత్తబడేదాకా.

పోయేదేమిటంటే,
మా నాన్న ఏ తాడూ బిగించి కట్టిన మనిషి కాదు.
ఒక రాత్రి జెట్టీ దగ్గర ముడి జారి
పడవ దానంతటదే వెళ్ళిపోయింది, అప్పుతో కొన్న పడవ.
మా అమ్మ తొమ్మిదేళ్ళు చేపల తట్ట మోసి తీర్చింది.
పోయేముందు నా చెయ్యి పట్టుకుని,
"నువ్వు మీ అయ్యలా కాదురా" అంది.
ఆ మాట తప్ప ఆస్తి లేదు నాకు.
దాన్ని తెచ్చి గొళ్ళేనికే కట్టుకున్నాను.

ఆరో మంగళవారం హోంవర్కు:
తాళం వెయ్యండి, లాగకండి, వచ్చెయ్యండి.

వేశాను. లాగలేదు. ఇరవై ఎనిమిది నంబరెక్కాను.
మర్రిపాలెంలో చెమట.
కంచరపాలెంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
పక్కసీటులో ఒకామె ఎండు నెత్తళ్ళ బుట్ట
ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దానికి చుట్టి నిద్రపోతోంది.
ఆమె చేతుల్ని చూసి కుళ్ళుకున్నాను.
రైల్వేస్టేషను వచ్చేసరికి భయం పోయింది.
నిజంగానే.
జేబు కొట్టేసినట్టు ఒళ్ళంతా తడుముకున్నాను.

"ఎలా జరిగింది?" అన్నారు నిరుపమ గారు.
"మర్రిపాలెంలో దిగి వెనక్కెళ్ళిపోయానండి."

ఇన్నేళ్ళూ బాగాలేక బాగున్నానన్నవాణ్ణి.
ఇప్పుడు బాగుండి, లేదన్నాను.
ఖాళీ చెయ్యమన్న అద్దెవాణ్ణి మనమే పిలిచి
ఈ నెలాఖరు దాకా ఉండు బాబూ అన్నట్టు.
గోడ మీద గడియారం. నేను ఠంచనుగా
పదకొండింటికే వచ్చానని ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.
ఆవిడ దానివైపు చూసి, కలానికి మూత పెట్టి,
"వచ్చే మంగళవారం మాట్లాడుకుందాం" అన్నారు.
తలుపు దగ్గరికేసి వచ్చేశాను. పడలేదు, తెలుసు.

బుధవారం మొదటి పెట్టె.
లోపల అమ్మమ్మ, ఊదారంగు గౌనులో పాప.
తలుపు వేసి లాగాను.
మళ్ళీ లాగాను.
మూడోది లాగాలా వద్దా అని నిలబడ్డంతలో
పెట్టె నా ముందునుంచి కదిలిపోయింది
సముద్రం మీదికి వేలాడుతూ.
పాప చెయ్యి ఊపింది.
ఊపడానికి నా చెయ్యి ఖాళీగానే ఉంది.