పేరు లేని గీత

ఐదువేల మీటర్ల ఎత్తున, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో
రాత్రి డ్యూటీలో కూర్చుంది హెర్మోసినా అయావిరే.
తెర మీద ఓ ముసలి నక్షత్రం
వదిలిన ఊపిరి, గీతలు గీతలుగా.

ఈ పొడుగాటిది కార్బన్ మోనాక్సైడు.
పొరుగింటి గాడిద కూతలా
వెతక్కుండానే తెలిసిపోతుంది.
ఆ వెనక సయనైడు.
విషమే, అంత దూరాన ఎవర్ని చంపుతుంది?

మూలన చిన్న గుబ్బ.
పట్టిక మీద వేలు జరుపుతూ ఆగింది: ఉప్పు.
మామూలు ఉప్పే.
టొకొనావ్‌లో వాళ్ల నాన్న బూట్లు దులిపితే
గడప మీద రాలేది అదే.
పగిలిన పెదవిని నాలుకతో తడుముకుంది.

నాలుగింటికి,
ఏ పట్టికలోనూ లేని గీత ఒకటి.
పరికరం తప్పేమోనని మూడుసార్లు ట్యూనింగ్ మార్చింది.
కదల్లేదది.
ఎక్కడో, ఎవరో, గాజుగొట్టంలో
ఆ అణువుని మళ్లీ పుట్టించేదాకా
దానికి పేరుండదు.

లాగ్‌బుక్కులో 'గుర్తు తెలియనిది' అని రాసి
కొట్టేసింది.
ఈ ఎడారిలో ఆ మాటకి ఎముకలున్నాయి.
ఇంకా ఇసుక జల్లెడ పడుతున్న
ఆడవాళ్లున్నారు.

ఫ్రీక్వెన్సీ వేసి, పక్కనే
గంటా నిమిషమూ రాసింది,
పురిటిగదిలో రాసినట్టు.

తర్వాత లేచి
ఆక్సిజన్ సీసా మార్చుకుంది.