పది చేపల లెక్క

నెలకోసారి పది చేపలు.
మామా తలావ్ కట్టమీద గోనెపట్టా పరిచి
పట్టకారు, భూతద్దం, స్టీలు గిన్నెల నీళ్లు,
మా పిల్ల నాలుగో తరగతి నోటుబుక్కుల మిగిలిన పేజీలు.
అహేరి కాలేజి వైరాగడే సారు చెప్పిన పని:
ఎన్ని పేలు, ఏ చేపకు, ఒంటిమీద ఎక్కడ.
సిరొంచ సొసైటీల అప్పులు రాసేదాన్ని,
పేలు రాసుడు ఎంత పని అనుకున్న.

రోహిణి కార్తె. నీళ్లు మోకాళ్ల దాక,
మర్చిపోయిన చాయిలెక్క గోరువెచ్చగ.
రవ్వు చెవిరెక్క కింద మెంతిగింజంత పేను,
దాని కడుపులకెళ్లి కింది పొలుసు కనబడుతది.
రెండు గుండ్రటి గుర్తులుంటే కండ్లనుకున్న.
కండ్లు కావు. కరుచుకునే గిన్నెలు.
నీళ్లల్ల వేస్తే గిరగిర ఈదింది,
ఎంత ముద్దుగ ఈదిందో రాయనీకె గడి లేదు.

మదునక్క వచ్చి పక్కన కూసున్నది.
"చేపకు చేతుల్లేవు బిడ్డా,
కుడితే ఏంతోటి గోక్కోవాలె?"
వేలు పెట్టి చూపింది:
వల కట్టే వెదురు గుంజలకు
ఒళ్లు రాసుకుంటున్నై చేపలు,
ఒక్కసారి వెండిలెక్క మెరిసి మళ్ల మసక.
ఇన్నేండ్లు మేం అది ఆటనుకున్నం.

మిరుగు నాడు చేప తినని ఇల్లుండదు.
చెన్నూరు నుంచి రాజలింగు సేటు వ్యాను,
తిప్పి చూసిండు, ఎర్రమచ్చ మీద గోరు పెట్టిండు,
కిలోకు నలభై కోసిండు.
ఆడోళ్లం వరుసగ కూసొని పేలు తీసినం
ఆదివారం పిల్లల తలలు చూసినట్టు.
మదునక్క ఒడిల బొచ్చె తలకాయ.
"పేనుకు పెత్తనమిస్తే తలంత గొరిగిందట"
ఎవర్నన్నదో అడగలే. సేటు అక్కడ్నే ఉన్నడు.

ఆ పొద్దే లంగరు పురుగును చూసిన.
తల కండల దిగి ఉంటది, కొమ్ములు పాతుకొని.
బయట వేలాడేది దారప్పోగంత ఒళ్లు,
కొసకు రెండు గుడ్ల సంచులు.
గుంజితే ఒళ్లు తెగొస్తది, తల లోపల్నే.
చేపను పట్టేది ఆడదేనట,
మగది జతకట్టి నీళ్లల్లనే ఖతమట.
"మరి దానికి పింఛను ఎవరిస్తరు?"
అన్నది మదునక్క,
పన్నెండేండ్ల సంది తహసీలు మెట్లెక్కుతున్న మనిషి.
నవ్వి నవ్వి పట్టకారు నీళ్లల్ల పడ్డది.

ఆరుద్రల మత్తడి దుంకింది.
ప్రాణహిత ఎర్రగ, తలావ్ కూడ ఎర్రగ.
పది చేపలకు ఏడు పేలు.
పుబ్బల మూడు.
ఉత్తరల సున్న, కింద రెండు గీతలు కొట్టిన.
ఫోన్ల సారు అన్నడు,
సున్న అంటే మనకు దొరకలేదని.

స్వాతికి నీళ్లు తేటబడ్డై. పంతొమ్మిది.
చలికాలం చేప కదలదు, పేనుకూ తొందర లేదు,
చేతులు కొంకర్లు పోయి నేనే సగం లెక్క తప్పిన.
శివరాత్రి దాటినంక నలభై ఆరు,
ఒక్క మిరిగెకే పదకొండు.

గుంజ పీకి చూసినం.
కింది కణుపు మీద వరుసలు వరుసలు గుడ్లు,
గోధుమరంగు, ఎవరో సూదితోటి కుట్టినట్టు.
"ఈపి" అన్నది మదునక్క. అంతే.
అప్పటిసంది పదిహేను రోజులకోసారి
గుంజలు పీకి కట్టమీద ఎండకేస్తున్నం,
గోటితోటి గీకితే టపటప రాలుతై.

లెక్క తగ్గింది. సారు సంబురపడ్డడు,
నోటుబుక్కు ఫోటోలు అడిగిండు.

కాని గుంజలు లేని పొద్దు
చేపలు ఆ జాగకే వస్తున్నై.
వచ్చి, పక్కకు వంగి,
ఏమీ లేనికాడ ఒళ్లు రాసుకొని
పోతున్నై. మళ్ల వస్తున్నై.

తూముకాడ ఒక గుంజ పీకలే.
మదునక్క చూసింది, ఏమనలే.
పేజీల ఆ గడి పక్కన ఏం రాయాల్నో తెల్వక
పెన్ను మూత పెట్టిన.