ఆరు వారాల వేలు

డిసెంబరు. సార్డీనియా కొండల్లో
బూడిదరంగు రాతిగోడల మధ్య ఒంటిగది ఆసుపత్రి.
ఉన్న డాక్టరుకి మోకాలి ఆపరేషనని
రెండు నెలలకి పట్నం నుంచి నన్ను పంపారు.
నాకు ఇరవై తొమ్మిది.
చేతులు ఊరికే ఉండటం ఎరగని వయసు.

బొనారియా పుద్దు వచ్చి
ఏమీ చెప్పకుండా బల్ల మీద చెయ్యి పెట్టింది,
సంతలో జున్నుగడ్డ దించినట్టు.
చూపుడువేలి మీద కురుపు.
నడుమ ఎరుపు, చుట్టూ తెల్లటి వలయం,
దాని చుట్టూ మళ్ళీ ఎరుపు,
ఎవరో గురి చూసుకోడానికి గీసినట్టు.

ఎన్నాళ్ళైంది?
పది రోజులు.
నొప్పా?
ఉంది, లేదు.

నాకు మాత్రం చీమే కనబడింది.
తట్టలో కత్తి పెట్టుకున్నాను,
సూదిలోకి మత్తుమందు లాగాను.

తలుపు దగ్గర నిలబడ్డ నర్సు అస్సుంతా
నన్ను కాదు, ఆవిణ్ణి అడిగింది:
"ఏ పిల్లకి చీకించావు?"

తల్లి తన్నేసిన పిల్ల.
పాలు ఎటు నుంచి వస్తాయో కూడా తెలీదు దానికి.
నోట్లో వేలు పెట్టి, వేలి వెంట పాలు జార్చి
మూడు రాత్రులు చీకడం నేర్పింది.
నాలుగోనాటికి దాని మూతి నిండా పక్కులు.

"కొయ్యకు డాక్టరమ్మా," అంది అస్సుంతా,
"లోపల చీముండదు. నెత్తురే. పుండు ముదురుతుంది, అంతే."

గొర్రె మూతి నుంచి మనిషి తోలుకి దిగే వైరస్.
నా పుస్తకంలో ఉంది, పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో.
పరీక్షలో రాదని వదిలేశాను.

సూదిని తిరిగి తట్టలో పెట్టడం
గుచ్చడం కన్నా కష్టం.

ఏం రాయను మరి?
యాంటీబయాటిక్ దీని జోలికి పోదు.
సబ్బు, నీళ్ళు, పొడి గాజుగుడ్డ, రోజూ మార్చు.
ఎరుపు మోచేతి వైపు పాకినా, జ్వరం తగిలినా
అర్ధరాత్రైనా రా, అది వేరే లెక్క.
"ఇంకేం మందు?"
మొత్తం ఆరు వారాలు.
"పొద్దునా రాత్రీనా?"
మొహం కదలకుండా అడిగింది.

జున్ను పనిలో చెయ్యి పెట్టకూడదన్నాను.
అప్పుడు కదిలింది మొహం.
డెబ్భై గొర్రెల పాలు, రాగి కాగు,
పాలు తోడుకున్నాయా లేదా అని
ఇన్నేళ్ళూ ఆ వేలే చెప్పింది.
ఇక మరిది కొడుకు ముంచుతాడు,
ఈవిడ పక్కన నిలబడి తిడుతుంది.

వారం వారం వచ్చేది.
కట్టు విప్పి చూడటం, మళ్ళీ కట్టడం, నా వైద్యమంతా అదే.
మూడో వారం చెమ్మ ఊరింది.
నాలుగో వారం ఎండి నల్లచుక్కలు తేలాయి.
ఐదో వారం మంచు పడి దారి మూసుకుంటే
ఆవిడ కన్నా నేనే ఎక్కువ కంగారుపడ్డాను.
ఆరో వారం పక్కు నా బల్ల మీదే ఊడిపడింది.
కింద లేత చర్మం. మచ్చ లేదు.
నా పనితనమని చెప్పుకోడానికి
గీత కూడా మిగల్లేదు.

"పిల్ల ఎలా ఉంది?"
"అదా? నా కన్నా ముందే మానింది.
ఇప్పుడు కంచె దూకుతోంది, దొంగముండ."

రబ్బరు తొడుగుల పెట్టె చేతిలో పెట్టాను,
ఇది మళ్ళీ రావచ్చని చెప్పి.
"పిల్లలు రబ్బరు చీకవు," అంది.
గడప దాకా వెళ్ళి ఆగింది.
పెట్టె చంకలోకి మార్చుకుని,
వెనక్కి తిరక్కుండానే అంది:
"పాలలో ముంచి చూస్తాలే."