ఎర్రరంగు కొట్టిన బోరింగు

దేవరకొండల సెకండ్ షో.
గాజు టోపీ పెట్టుకున్న హీరో
పేరు లేని గ్రహం మీద దిగిండు.
నాలుగడుగులు ఏసిండు, మోకాళ్ల మీద కూసున్నడు,
పారుతున్న ఏరును జూసిండు.
టోపీ తీసిండు.
దోసిలి పట్టిండు.

ఆగు నాయినా, అన్న. పైకే అన్న.
ముందు సీటాయన ఎనక్కి తిరిగి జూసిండు.

సీసా ఉన్నదా నీ కాడ? మూత గట్టిదేనా?
ముందుగాల ఆ నీళ్లతోనే మూడుసార్లు కడగాలె,
మెడ దాక నింపాలె,
చీటి మీద ఊరి పేరు, తారీఖు, ఎవరి బోరు, ఎంత లోతు రాయాలె.
ఊరు లేకుంటే గ్రహం పేరన్న రాయి.
పదకొండేండ్ల సంది నాది గదే నౌకరి.
గొట్టంల జెరన్ని నీళ్లు, అండ్ల గులాబి మందు.
గులాబి గులాబిగనే ఉంటే తాగొచ్చు.
పసుపుకు తిరిగితే
తెచ్చినోళ్ల మొఖం జూడకుండ చీటి రాస్త.

గాయన గటగట తాగిండు.
మూడు పట్టాలున్నయట, ఓడ నిండ మిషన్లట,
ఒక్కటి గూడ బయటికి తియ్యలె.
రేడియోల డాక్టరమ్మ వద్దు వద్దని మొత్తుకుంటనే ఉన్నది.
“తేటగ ఉన్నయి” అన్నడు.
హాలంత సప్పట్లు.

తేటగ.
గా మాటతోని సినిమా మీదికెల్లి నా మనసు లేసిపోయింది.
మా దిక్కు నీళ్లు ఎప్పుడన్న మురికిగ ఉన్నయా?
అద్దం లెక్కుంటయి. కొన్నైతే తియ్యగ గూడ ఉంటయి.
పండ్లకు గార పట్టిచ్చి
నడుమును కొడవలి జేసి
ఇంకా తేటగనే ఉంటయి.

ఇంటర్వెల్ల సైదులు అన్నడు:
“గాయన టెస్టు జేసుకుంట కూసుంటే
కథ ఎట్ల నడుస్తదక్కా?”
నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న,
చిన్నప్పటి అలవాటు, నా పండ్ల మీద గోధుమరంగు చారలు.
నిజమే సైదులూ, కథకు తొందరపడెటోడు కావాలె.
నూటయాభై పెట్టి టికెట్టు కొన్నది
ఒకడు చీటి రాస్తుంటె సూడనీకె కాదు.

నువ్వు సమోసకు పోయినంక యాదికొచ్చింది.
జంగమ్మ చిన్నమ్మ వాడల బోరింగుకు
ఎర్రరంగు కొట్టింది నేనే.
‘తాగరాదు’ అని రాసిన, పెద్ద పెద్ద అక్షరాలు.
తెల్లారి పోతే
రంగు ఆరకముందే చిన్నమ్మ గా బోరింగే కొడుతున్నది,
వంగిన నడుము ఇంకింత వంచి,
చేతులకు ఎర్రగ అంటుకొని.
“ఎరుకేనా చిన్నమ్మా ఇదేందో?”
“ఎరుకే బిడ్డా. ట్యాంకరు మంగళారమొస్తదన్నరు,
ఏ మంగళారమో చెప్పలె.
దూప మంగళారం దాక ఆగుతదా?”
అని, బిందె ఎత్తమని నన్నే అడిగింది.
ఎత్తిన.
టెస్టు జేసిన చేతులతోనే ఎత్తిన.

అందుకే గాయనను తెలివిలేనోడనను.
దూపకు తెలివి అడ్డం నిలబడదు, నేను జూసిన.

కానీ రెండో సగంల ఓడ లోపట సూపిచ్చిండ్రు:
గోడ పొడుగునా నీళ్ల సీసాలు,
వరసకు వరస, సీలు తియ్యనివి,
ఆరు నెలలకు సరిపోను.

గాయనకు దూపే లేదు.

అటెంక ఆయన ఎవరినో కాపాడిండు,
ఏదో పేలింది, ఎవరో ఏడ్సిండ్రు.
నేను సీసాలు లెక్కవెడుతున్న. నలభై రెండు కాడ సీను మారింది.

బయట సైదులు బండి కిక్కు కొడుతుండు.
నా సంచిల రేపటి సీసాలు లొడలొడమంటున్నయి, ఖాళీవి.
“గంత కోపమెందుకక్కా, సినిమానే గద” అన్నడు.
సోడా బండి కాడ నీళ్ల ప్యాకెట్లు రెండు కొన్న.
ఒకటి ఆయనకిచ్చి, నాది కొరికేముందు
లైటు కింద పట్టి జూసిన.

తేటగనే ఉన్నయి.