ఎక్కడ తినాలని అడిగారుగా

రండి శివన్నారాయణగారూ, ఆ స్టూలు లాక్కోండి.
సాంబారు పొయ్యి మీదుంది, కలుపుతూనే మాట్లాడతా.
ఈసారి టూరు వంతు మీదంటగా,
పురుగుమందు కంపెనీ వాళ్ళు మళ్ళీ అదే దీవికంట.
దాని పేరు నా పాస్‌పోర్టులో ముద్రపడింది గానీ
నా నోట్లో పడలేదు.

నన్ను తీసుకెళ్ళింది సముద్రం చూడ్డానికి కాదు.
నలభై ఇద్దరు డీలర్లు, ఐదు రోజులు,
రెండు పూటలా పప్పూ పచ్చడీ పెరుగూ.
బ్రాడీపేట నాలుగో లైన్లో ఈ కర్రీ పాయింటు మూసి
గోంగూర డబ్బాకి మూడు చుట్లు టేపేశా.
నా చీరలకంటే కందిపొడే ఎక్కువ తూగింది.

అద్దాల హోటల్లో మొదటి పోపు వేశానో లేదో
పైకప్పులో ఎర్రలైటు కూతపెట్టింది.
నిప్పంటుకుందని నలుగురు పరిగెత్తుకొచ్చి
మూకుట్లోకి తొంగిచూసి
దగ్గుకుంటూ వెనక్కెళ్ళారు.
మనవాళ్ళు మాత్రం
సముద్రానికి వీపుపెట్టి కూర్చుని
"నాంచారమ్మా, మాగాయ లేదా?" అన్నారు.

తప్పుపట్టడం లేదండీ.
కొత్త ఊళ్ళో ముందు నాలుక బెంగపడుద్ది,
తర్వాతే మనిషి.

నాలుగో సాయంత్రం అందరూ పడవ షికారుకి పోయారు.
అంట్లు తోమి, చేతులు కొంగుకే తుడుచుకుని
హోటలు వెనక గేటు దాటి దిగాను.
గులాబీరంగు చర్చి, దాని పక్క సందు,
సందు చివర పడవలు బోర్లించిన ఇసక.
అక్కడ నిలువునా కోసిన నూనెడ్రమ్ము మీద
ఒకావిడ చేపలు కాలుస్తోంది.
నా ఈడే. నా ఒళ్ళే. మోకాలి నొప్పి కూడా నాదే,
లేచేప్పుడు తొడమీద చెయ్యి ఆనించడం చూసి పోల్చుకున్నా.

బల్ల లేదు, రేట్ల బోర్డు లేదు.
నిప్పుల్లో నల్లగా మాడిన కాయ ఒకటి దొర్లించి
కత్తితో చీల్చింది. లోపల తెల్లగా పొగలు.
సీమపనస!
రేపల్లెలో మా పిన్ని దొడ్లో ఉండేది ఆ చెట్టు,
అమ్మేశారు, చెట్టునీ దొడ్డినీ కలిపి.

గుంటూరుదాన్ని కదా, కారం వెయ్యమని సైగ చేశా.
సీసాలో పచ్చటి నీళ్ళేగా అనుకున్నా.
చంటిపిల్ల టోపీలా ముద్దుగా ఉంటదండీ వాళ్ళ మిరపకాయ.
మొదట పండు వాసన,
తర్వాత ఏమీ లేదు,
తర్వాత చెవులు.
మిర్చియార్డు పక్కన పుట్టిన మనిషిని,
టిక్కీల మీద నిద్రపోయి పెరిగినదాన్ని,
ఇసకలో కూలబడి ఏడ్చా.
ఆవిడ నవ్వీ నవ్వీ ఊతానికి డ్రమ్ము పట్టుకుంది,
చెయ్యి చుర్రుమంది.
అప్పుడు ఇద్దరం నవ్వాం.

కొంగుముడిలో రెండు ఎండుమిరపకాయలుంటే ఇచ్చా.
కొరికింది. కళ్ళు మూసింది. తలూపింది,
పర్లేదులే అన్నట్టు.
గుంటూరు మొత్తానికీ ఆమె వేసిన మార్కు అది.

డబ్బులు తీసుకుంది, ఎక్కువా తక్కువా కాకుండా.
అది నచ్చింది నాకు. నేనూ అప్పు పెట్టను.

ఆ కాయ గింజలు కాగితంలో చుట్టి తెచ్చి
మేడమీద పెయింటు డబ్బాలో వేశా.
మొలవలేదు.

సరే, మీ సంగతి.
ఈసారి వంటకి తెనాలి ఆవిడ వస్తోందంట,
చెయ్యి మంచిదే, నేనేం అనను,
ఒక్క పూట మాత్రం పప్పు ఎగ్గొట్టండి.
చర్చి పక్క సందు. ఏడుకల్లా పోండి, చేప అయిపోద్ది.
పేరా? తెలీదండీ. ఆవిడకీ నా పేరు తెలీదు.
ఇదుగో, ఈ పొట్లం జేబులో పెట్టుకోండి,
ఈ యేటి కాయ, తొడిమతో సహా. పోయినసారి దానికంటే గట్టిది.
ఆవిడ చేతిలో పెట్టి, కదలకుండా నిలబడి,
కళ్ళల్లో నీళ్ళు తిరిగాయో లేదో చూసొచ్చి చెప్పండి.