మధ్య స్టంపు మీద షిల్లింగు

థెల్వాల్ దొర పోయాడట.
ట్యూక్స్‌బరీ బజారులో మలుగు చేపలమ్మే ఆవిడ చెప్పింది,
చిల్లర లెక్కపెడుతూ, మధ్యలో ఆపి.
కొన్న చేప అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చాను.

పంతొమ్మిది వేసవులు ఆయనకు బంతులేశాను.
స్కోరు కాగితం మీద ఆయన "మిస్టర్ ఎ. ఎఫ్. థెల్వాల్",
నేను ఉత్త "పెగ్లర్".
ముందు మర్యాదా లేదు, పక్కన చుక్కా లేదు,
తోక తెగిన బల్లిలా.
ఆయనకు పెవిలియన్ మెట్ల దగ్గర తెల్ల గేటు,
నాకు రోలరు కొట్టం పక్కన సందు.
వచ్చేది మాత్రం ఇద్దరం
ఒకే ఎండలోకి.

ఆయన డబ్బు కోసం ఆడేవాడు కాదు.
అందరూ అలాగే అనేవారు, నేనూ అన్నాను.
ప్రయాణం ఖర్చని ఆయనకిచ్చే కవరు
నా నెల జీతం కంటే లావుగా ఉంటుందని
కార్యదర్శి గుమాస్తా ఓ రాత్రి తాగి వాగాడు.
తాగినవాడి మాటే గానీ
విన్న నేను తాగిలేను.

ఆట సంగతంటారా, అబద్ధమెందుకు?
బంతిని ఆఖరి క్షణం దాకా రానిచ్చి
పాల మీద మీగడ తీసినట్టు
బ్యాటు అంచుతో అలా పక్కకు జరిపేవాడు.
చప్పుడుండేది కాదు. గడ్డి మీద గీత ఉండేది.
వాళ్ళది ఆవపిండి మర.
ఆయన కోటు విదిలిస్తే పచ్చటి దుమ్ము లేచి
వికెట్ల వెనక వాడు తుమ్మేవాడు.

సాయంత్రాలు వలల్లో సాధన.
మధ్య స్టంపు నెత్తిన షిల్లింగు పెట్టి
"పడగొట్టు పెగ్లర్, నీదే" అనేవాడు.
మా పెద్దదాని బూట్లు,
నా భార్య పంటి నొప్పి మందు,
ఒక చలికాలానికి సరిపడా బొగ్గు
ఆ కర్ర మీంచి రాలినవే.
పోగొట్టుకున్నప్పుడు ఆయన మొహం చెదిరేది కాదు.
అదే నాకు కొంచెం మండేది.

రాణిగారి ఏలుబడికి యాభై ఏళ్ళని
ఊరంతా జెండాలు కట్టిన వారమే
మర తలుపుకు బ్యాంకువాళ్ళు గొలుసు కట్టారు.

ఆ సాయంత్రం కూడా వచ్చాడు.
ప్యాడ్లు బిగించుకుని జేబులు తడుముకున్నాడు.
కుడి జేబు, ఎడమ జేబు, మళ్ళీ కుడి జేబు.
చివరికి చొక్కా చేతి బొత్తం తెంపి
స్టంపు మీద పెట్టాడు.
"ఇవాళ దీనికి ఆడదాం" అన్నాడు నవ్వుతూ.
మెడపట్టీ వెనక గొంతు ముడి కదిలింది.

జీవితంలో మొదటిసారి
కావాలని పక్కకు వేశాను.
ముప్పై బంతులు.
ఎడమకో, కుడికో, నెత్తి మీదికో.
దొరకు తెలియదా?
కళ్ళు మూసుకుని నా మణికట్టు చదవగలవాడు.
బ్యాటు ఆనించి చాలాసేపు నేల చూసి
"మీ సందులోంచి రావాలంటే
ఎవర్ని అడగాలి, పెగ్లర్?" అన్నాడు.

నాకు మాట రాలేదు. వచ్చాక
"అక్కడ దూలం కిందికుంటుంది, తల వంచాలి" అన్నాను.
తలూపాడు.
వెళ్ళడం మాత్రం తెల్ల గేటులోంచే వెళ్ళాడు.

ఆ తర్వాత చెల్టెన్‌హామ్‌లో
ఎవరి పిల్లలకో లాటిన్ చెప్పుకుంటూ
అద్దెగదిలో దగ్గుతున్నాడని విన్నాను.
సందులోంచి ఎన్నడూ రాలేదు.

ఒకటి ఎవరికీ చెప్పలేదు.
ఆయన వెళ్ళాక బొత్తం ఇంకా కర్ర మీదే ఉంది.
వెలుతురు కాస్త మిగిలుంది.
ఇరవై రెండు గజాల అవతల నిలబడి
నాకోసం ఒక్క బంతి వేసుకున్నాను.
తగిలింది.
అగ్గిపుల్లలు అయిపోయేదాకా గడ్డిలో వెతికాను.
ఆ చలికాలం సెవర్న్ పొంగి
మైదానమంతా ఒండ్రు పరిచి పోయింది.

రేపు చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంటాను.
పాదరి అడగడు, అడిగినా చెప్పను,
ఆఖరిసారి ఆయన వికెట్టు తీసింది నేనేనని,
అప్పుడు ఆయన అక్కడ లేడని.