ఏడక్షరాలు, నాలుగ్గంటలు

సోమ, బుధ, శుక్ర. పొద్దున ఆరున్నర షిఫ్టు.
చంద్రగిరి నుంచి తొలి బస్సులో తిరుపతిలో దిగి
చెప్పులు విప్పి తూకమెక్కుతాను.
యాభై ఎనిమిదిన్నర.
మొన్న ఇంటికి పోయేటప్పుడు యాభై ఆరు.
"ఏం తాగినారు సామీ?" అంటుంది కుసుమ, డయాలిసిస్ టెక్నీషియను.
నేను మాట్లాడను. తూకం చెప్పేసింది గదా.

నాకు ఎడమ చేతిలో సూదులు,
పక్క మంచం చెంగల్రాయుడికి కుడి చేతిలో.
అందుకని పేపరూ పెన్నూ నా దగ్గరుంటాయి.
కళ్ళద్దాలు మాత్రం ఆయనవి.

నాలుగో పేజీ అడుగున, పెళ్ళిసంబంధాల పక్కన
రోజూ ఏడు గడులు.
ఆ బుధవారం:
డ, క, ము, వ, ల, నీ, రు.
ఎన్ని మాటలొస్తే అన్ని. వాడింది మళ్ళీ వాడొచ్చు.
గుణింతం మార్చకూడదు.

"కల," అన్నాడాయన, కళ్ళు మూసుకునే.
"కలము," అన్నాను.
"కవల. వల. వలవల."
"వలవలకు మార్కులియ్యరు రాయుడూ."
"ఏడ్చేదానికి ఎప్పుడిచ్చినారు గానీ, రాయప్పా నువ్వు."

పుత్తూరులో ముప్పయ్యేళ్ళు జాకెట్లు కుట్టినోడు.
ఎనభై సెంటీమీటర్ల గుడ్డ తెచ్చి
మోచేతి దాకా చేతులు కావాలంటే
తిప్పి, మడిచి, అతుకు కనపడకుండా తెప్పించినోడు.
"ఏడు ముక్కలిచ్చినాడు గదా, ఇంకా రావాల."
ముక్కలు తిప్పుతా పోయినాడు.
"కడవ."
రాసినాను. పైకి చదవలేదు.
"ములక."
ఇద్దరం నవ్వుకున్నాం. ములక్కాయ
మా తిండి చీటీలో ఎర్ర గీత కింద ఉంటుంది,
అరటిపండు, కొబ్బరినీళ్ళు, ఊరగాయ పక్కన.
"వడ" కూడా చెప్పినాడు.
ఉప్పు తక్కువేసి రాయమన్నాడు.

యంత్రం తిరుగుతా ఉంది.
నా రక్తం అట్ల బయటికి పోయి
వీధి చివర దాకా చూసొచ్చినట్టు
లోపలికొస్తా ఉంది.
రెండో గంటలో పిక్క పట్టేసింది.
కుసుమ పరిగెత్తుకొచ్చి పాదం వంచి పట్టుకుంది.
ఆ నొప్పిలో దొరికింది: "కలవడము!"
అరిచే చెప్పినట్టున్నాను,
వార్డంతా తిరిగి చూసింది.

నీడ. నీలము.
"నీలకలము?"
"అది రెండు మాటలు."
"మా పల్లెలో ఒకటే."
"పేపరోళ్ళది మీ పల్లె కాదు."
పావుగంట వాదులాట. ఆ పావుగంటా
ఎవరం గడియారం చూడలేదు.

చివరి రెండు గడులు పక్కపక్కనే ఉన్నాయి.
ఆయన చూపు అక్కడ ఆగడం నేను చూసినాను.
నాది ఆగడం ఆయనా చూసినాడు.
నాకు రోజుకు ముప్పావు లీటరు.
సీసా మీద మార్కరుతో నేనే గీసుకున్న గీతలు:
పొద్దున మాత్రలకు ఇంత, మధ్యాన్నం ఇంత,
రాత్రికి మూడు మూతలు.
పేపరు మడిచినాను.

జవాబులొచ్చేది మరుసటి రోజు, మేం రాని రోజు.
కుసుమ దాచిపెడుతుంది.
శుక్రవారం నాకు సూదులు గుచ్చి, ప్లాస్టరేసి,
మా చీటీ మీద టిక్కులు కొడతా ఆగిపోయింది.
"ఇదేంది సామీ, ఇంత సులువైంది వదిలేసినారు?
నీరు! మా పాప గూడా రాస్తుంది."

చెంగల్రాయుడు ఫ్యాను వైపు చూస్తా అన్నాడు:
"తాగేటివి నీళ్ళు తల్లీ.
నీరంటే కాళ్ళకు పట్టేది.
తీయించుకునేదానికే గదా ఇంత దూరం వస్తా ఉండాం,
మళ్ళీ చేత్తో రాసి ఎక్కించుకోమంటావా?"

ఆయమ్మి ముందు నవ్వలేదు.
తర్వాత, మాస్కు ఉండి కూడా తెలిసిపోయింది.
"ఈ పొద్దు ఎంత తీయాల మీకు?"
"రెండుంబావు."
మీట నొక్కింది.

నేను కొత్త పేపరు విప్పినాను.
ఈసారి గడుల్లో 'ళ్ళు' ఉంది. 'నీ' లేదు.
"కళ్ళు," అన్నాడాయన, మూసుకునే.
రాసినాను.